అక్కయ్య రుచి చూడని పులుసు

పోయిన నెలలో తెనాలి నుంచి ఫోను. మా అక్కయ్య పోయింది. తొంభై దాటిన మనిషి. ముందురోజు కాఫీలో పంచదార తక్కువైందని కోడలితో పేచీ పెట్టుకుని మరీ పోయింది. అందుకే నాకు కన్నీళ్ళకంటే కబుర్లే ముందొస్తున్నాయి.

అరవైల్లో బర్మా నుంచి ఓడల్లో తిరిగొచ్చిన తెలుగు కుటుంబాలు కొన్ని బాపట్ల పక్కన పాకలు వేసుకున్నాయి. వాళ్ళ పిల్లల బాలవాడికి అక్కయ్య పంతులమ్మ. బలానికని సర్కారు గోధుమరవ్వ ఇస్తే ఉప్మా వండింది. పిల్లలు ముట్టలేదు. గుంటూరు జిల్లా మనిషి కదా, కారం చాల్లేదనుకుని పచ్చిమిరపకాయలు రెట్టింపు చేసింది. పిల్లలు ఏడ్చారు. మర్నాడు పండుమిరప పచ్చడి కూడా వేసింది. పిల్లలు రావడమే మానేశారు.

నాలుగేళ్ళ పిల్ల ఒకతె మాత్రం వచ్చి కూర్చునేది, తినేది కాదు. చేతులు చీపురుపుల్లలు. ఇలాగైతే వానాకాలం దాటదన్నారు డాక్టరుగారు. ఆ సాయంత్రమే అక్కయ్య ఆ పిల్ల నాయనమ్మ ముందు చతికిలబడింది.

"పిన్నిగారూ, అక్కడ దీనికేం పెట్టేవాళ్ళండీ?"

"చేపల పులుసులో అరటిదూట, సెనగపిండి వేసి, బియ్యప్పిండి సేమ్యా మీద పోసేవాళ్ళం. చేప పేరెత్తితే ముక్కు మూసుకుంటావు, నీకెందుకులేమ్మా!"

"తినేది నేను కాదుగా, చెప్పండి."

నేనప్పుడు రేపల్లె రైసుమిల్లులో పని చేసేవాణ్ణి. వారానికి రెండుసార్లు చేపలబుట్టతో రైలెక్కి, తెనాలిలో బండి మారి, అరటిబోదెలు కూడా నెత్తికెత్తుకుని బాపట్ల చేరేవాణ్ణి. అసలు సంగతి పక్కకు పోతోంది గానీ, ఆ రోజుల్లో నాకు కిటికీ సీటు దొరకని ప్రయాణం లేదు. బుట్ట చూడగానే బెంచీ ఖాళీ!

అక్కయ్య గోధుమరవ్వ తిరగలిలో విసిరి, బియ్యప్పిండి కలిపి, జంతికల గొట్టంతో మరిగే నీళ్ళలోకి వత్తింది. పులుసు నాయనమ్మ కాచింది.

"ఉప్పు చాలిందేమో చూడక్కయ్యా."

"నేనెందుకురా? దాని మొహం చూడు. కనుబొమ్మలు విడితే చాలినట్టే. ఆకలి వాళ్ళది, రుచి మనదైతే ఎట్లారా?"

కనుబొమ్మలు విడ్డాయి. పిల్ల గిన్నె ఎత్తి తాగింది. వానాకాలం దాటింది. మిగతా పిల్లలూ తిరిగొచ్చారు. తనిఖీకొచ్చిన అధికారిణి "ఉప్మా ఏదండీ?" అంటే, "ఇదేనండి, కాస్త పొడుగ్గా వచ్చింది" అంది మా అక్కయ్య.

పెద్దకర్మకు ఆ పిల్ల వచ్చింది. ఇప్పుడామె అమ్మమ్మ. చేతిలో గిన్నెడు పులుసు, వెనక మనవరాలు. చేప తినని మనిషి, అక్కయ్య పేరున వేసిన విస్తట్లో అది వడ్డించలేం. గిన్నె మనవరాలికే ఇచ్చింది. ఆ చిన్నది ఒక గుక్క తాగింది. భోజనాలకు కూర్చున్నవాళ్ళం, చేతులు విస్తట్లోనే ఆపి, దాని కనుబొమ్మల వైపు చూస్తూ ఉండిపోయాం.