తప్పని అప్పుడే చెప్పడం

మా ఇంట్లో నేను పేపరు పైకి చదివి వివరిస్తుంటే ఎవరూ మధ్యలో మాట్లాడరు. నేనేదైనా తప్పు చెప్పానని అనిపిస్తే మా బిడ్డ అప్పటికి ఊరుకుని, తర్వాత వాళ్లమ్మతో చెప్పించేది. దాన్ని మర్యాద అనుకుని మురిసిపోయేవాణ్ని. ఆ మర్యాదే ఆమె ఉద్యోగానికి అడ్డొచ్చింది.

బిడ్డ ఒక విమాన కంపెనీలో పైలట్ శిక్షణ పొందుతోంది. ఇదివరకు ఇన్ని గంటలు ఎగిరారా అనే చూసేవారట. ఇప్పుడు ఆమె కంపెనీలో మనిషి తీరు కూడా చూస్తున్నారు. ఎలా నిర్ణయిస్తుంది, పక్కవారితో ఎలా మాట్లాడుతుంది, ఒత్తిడిలో ఏం చేస్తుంది అని. నేల మీదే ఉండే సిమ్యులేటర్ అనే ఉత్తుత్తి విమానంలో పరీక్షాధికారి కెప్టెన్‌గా నటిస్తూ, ఐదు వేల అడుగుల ఎత్తులోనే ఉండాల్సిన విమానాన్ని కావాలనే ఇంకా కిందికి దించాడు. ఈమె చూసింది. అయిపోయాక చెబుదామనుకుంది. ‘గమనించింది, చెప్పలేదు’ అని రాసి ఫెయిల్ చేశారు. పది రోజుల్లో ఇంకో అవకాశం. అదీ పోతే శిక్షణలోంచి తీసేస్తారు.

పదో తరగతితో ఆగిపోయిన నేను వికారాబాదు గ్రంథాలయంలో విమానాల గురించి దొరికిందల్లా చదివాను. కాబట్టి మందు నా దగ్గరే ఉందనుకున్నాను. ఇంట్లో నేనే కెప్టెన్‌నై తప్పులు చెప్పేవాణ్ని. ఆమె టకటకా పట్టేసేది. అదంతా ఆటని ఇద్దరికీ తెలుసు. అసలు పరీక్షలో నోరు తెరుస్తుందా అని నాకు అన్నం సయించేది కాదు.

ఒక పొద్దున, దారిలో కూడా సాధన చేద్దామని ఆమెను నాతో తాండూరు రైలు ఎక్కించాను. నేను పనిచేసే నాపరాళ్ల పాలిషింగు యూనిట్లోనే పనిచేసే గుమాస్తా మా ఎదురుగా కూర్చున్నాడు. మా కెప్టెన్ ఆట కాసేపు చూసి, ధారూర్ దాటాక అడిగాడు.

“అన్నా, గంత బరువున్న విమానం గాల్ల ఎట్ల లేస్తదే?”

నాకు ఉత్సాహం వచ్చింది. “రెక్క పైన వంపు ఉంటది. పైకెల్లి పోయే గాలి, కిందికెల్లి పోయే గాలి అవతల ఒక్కటే టైముకు కలవాలె. గందుకే పైగాలి జర ఉరుకుతది…”

“ఆగు నాయినా. గది తప్పు.”

నేను నవ్వాను. “ఇప్పుడు ఆట కాదు బిడ్డా.”

“ఎరికే. నిజంగనే తప్పు. గా రెండు గాలులు కలవనే కలవవు. పైగాలి ముందే పోతది.”

“లైబ్రరీ పుస్తకంల ఉన్నది!”

“పుస్తకంల గూడ తప్పే.”

“ఏందన్నా, కెప్టెన్ సాబునే దించేసింది!” అన్నాడు గుమాస్తా. చుట్టుపక్కల వాళ్లంతా నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. తిడదామని నోరు తెరిచాను. ఆమె నా మీంచి చూపు తిప్పలేదు. తాండూరు వచ్చేదాకా, తప్పయిందని అంటుందేమోనని చూశాను. అనలేదు.

పరీక్ష రోజు యూనిట్లో నా కాలు ఒకచోట నిలవలేదు. ఒక లారీకి ఎక్కించాల్సిన బండలు ఇంకో లారీకి ఎక్కించాను. మధ్యాహ్నం ఫోన్ మోగింది.

“ఈసారి కెప్టెన్ స్పీడు బాగ తగ్గించిండు నాయినా. చెప్పిన. ‘నాకు తెల్సు’ అని కసిరిండు. మల్ల చెప్పిన. ఇనలే. కంట్రోల్ నేనే తీసుకున్న.”

“కోపం చేసిండా?”

“మస్తు. నీ అంత కాదులే.”

“గది కాదు బిడ్డా, పాసైనవా?”

“పాసైన. ఇగ అసలు విమానమే.”

ఫోన్ పెట్టేశాక పక్కవాళ్లందరికీ చెప్పాను. టీ తెప్పించాను. నా గ్లాసు సగం కూడా కాకముందే మళ్లీ లేచి తిరగడం మొదలుపెట్టాను. ఆ విమానంలో పక్కన కూర్చునే కెప్టెన్ కోపాన్ని నటించడు కదా.