చెవిలోకి దిగే ముక్క

ఆమెను వీధి వీధంతా తీగల వదిన అంటారు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కిటికీ కింద ఎవరో పారేసిన బడిబల్ల, దాని మీద పట్టకార్లు, ఆకురాయి, చిన్న సుత్తి, తీగ చుట్టలు. ఇంట్లోవాళ్ళు ఎవరి పనికి వాళ్ళు పోగానే ఆ బల్ల ముందు కూర్చుని లోలాకులు అల్లుతుంది. ఆమె అల్లిన లోలాకులో తీగ ఎక్కడ మొదలైందో, కొస ఎక్కడ దాక్కుందో వెతికినా దొరకదు. అంతటి పనితనానికి ఆ రోజు దక్కిన మెప్పేమిటంటే, చేతులు కడుక్కోమని.

అన్నది షాపు మేడం. తీగ ఆవిడే కొనిస్తుంది, అల్లినవి ఆవిడే అద్దాల బీరువాలో పెట్టి అమ్ముతుంది. కొన్నవాళ్ళలో ముగ్గురికి చెవులు దురద పెట్టి, వాచి, రసి కారాయట. తిరిగొచ్చిన లోలాకుల సంచీని బల్ల మీద కుమ్మరించి, గడప దగ్గరే నిలబడి చెప్పింది.

"చెవిలోకి పోయే వస్తువమ్మా. నీ చెమట, నీ వంటింటి జిడ్డు అన్నీ దానికే అంటుకుంటే ఎట్లా? ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే నేను వేరేవాళ్ళను చూసుకోవాల్సి వస్తుంది."

వస్తువు చెడితే మనవాళ్ళు ముందు అనుమానించేది చేసిన చేతిని. సరుకును కాదు, సరుకు తెచ్చినవాళ్ళను అసలే కాదు. వదినకు ఒళ్ళు మండిపోయింది. పని మొదలుపెట్టే ముందు సబ్బుతో మోచేతుల దాకా తోముకునే మనిషి ఆమె. మేడం మెట్లు దిగిపోయాక మళ్ళీ తోముకుంది. కోపంతో తోముకుందో, అనుమానంతో తోముకుందో ఆమెకే తెలియలేదు. వేళ్ళ సందుల్లో అప్పటికే ఎర్రగా పగిలిన చర్మం సబ్బు తగిలి భగ్గుమంది.

తీగ మీద మాత్రం ఆమెకు అనుమానం రాలేదు. రాకపోవడానికి కారణం అయస్కాంతం. పని నేర్చుకునే రోజుల్లో ఎవరో అంటగట్టిన తీగ తుప్పు పట్టి పరువు తీసింది. అప్పుడు చెడిపోయిన స్పీకరు విప్పి, అందులోని అయస్కాంతం తీసి దగ్గర పెట్టుకుంది. కొత్త చుట్ట ఏదొచ్చినా ముందు దానికి ఆనించి చూడాలి. అంటుకుంటే ఇనుము, అవతల పారెయ్. అంటుకోకపోతే మంచిది, చెవికి పెట్టు. ఈ శాస్త్రం ఆమె ఒక్కతే నమ్మి ఊరుకోలేదు, వీధిలో లోలాకులు చేసే ఆడవాళ్ళందరికీ నూరిపోసింది. మేడం తెచ్చిన జర్మన్ సిల్వర్ తీగ ఆ పరీక్షలో పువ్వులా నెగ్గింది.

సాయంత్రం ఆడపడుచు వచ్చింది. బట్టల కొట్లో బిల్లులు కొట్టే పిల్ల. సంగతంతా విని, నవ్వుతూనే చొక్కా అంచు పైకెత్తి చూపించింది. జీన్స్ బొత్తాం ఆనే చోట పొట్ట మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి పొక్కు. మణికట్టు తిప్పింది. గడియారం వెనక రేకు ఆనే చోట అలాంటిదే.

"ఈ బొత్తాం కూడా నువ్వే చేశావా వదినా, చేతులు కడుక్కోకుండా?"

వదిన నవ్వలేదు. అయస్కాంతం తెచ్చి బొత్తానికి ఆనించింది. అంటుకోలేదు. గడియారానికి ఆనించబోతే పాడైపోతుందని ఆ పిల్ల చెయ్యి లాక్కుంది. లాక్కుంటూనే అసలు సంగతి బయటపెట్టింది: చర్మం డాక్టరు ఎప్పుడో చెప్పాడట, నీకు నికెల్ అనే లోహం పడదని.

మరి ఇన్నాళ్ళూ నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా అని వదిన నిలదీసింది. బొత్తానికీ లోలాకుకీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు అని ఆ పిల్ల మూతి ముడిచింది.

మర్నాడు మేడం తీగ కొనే కొట్టుకు వెళ్ళి, ఇందులో నికెల్ ఉందా అని అడిగితే కొట్టతను తల కూడా ఎత్తలేదు. జర్మన్ సిల్వర్‌లో వెండి ఎక్కడిదమ్మా, రాగి, జింకు, నికెల్ అన్నాడు. రాగిలో కరిగిపోయిన నికెల్‌ను అయస్కాంతం పట్టించుకోదని కూడా అన్నాడు. మా మేడం ఇన్నేళ్ళుగా మీ దగ్గరే కొంటోంది, ఒక్కసారైనా చెప్పలేదేమని అడిగితే, ఒక్కసారైనా అడిగారా అన్నాడు. పేరులో వెండి, లోపల దురద. పైన పటారం, లోన లొటారం.

ఇంటికొచ్చి తీగలన్నీ బల్ల మీద పరిచింది. రాగి చెప్పినట్టు వింటుంది గాని, చెమటకు పచ్చమరక వదులుతుంది. ఇత్తడికి ఒంపు బాగా వస్తుంది, మెరుపూ ఉంది. స్టీలు ఒంచితే ఒంగినట్టే ఒంగి, పట్టకారు వదలగానే మొండి మొగుడిలా మళ్ళీ తిన్నగా నిలబడుతుంది. అల్యూమినియం రెండుసార్లు ఒంచితే విరుగుతుంది. వెండి అన్నిటికన్నా నయం, ధరే కొరివి. చాలాసేపు చూసి, చివరికి లోలాకునే రెండుగా విడదీసి ఆలోచించింది. వేలాడేది ఏదైతేనేం? చెవి చిల్లులోకి దిగే కొక్కెం ఒక్కటీ అసలు వెండిదైతే చాలు. వెండి తీగను కొక్కెంగా ఒంచి, ఇనప దిమ్మ మీద పెట్టి సుత్తితో మెల్లగా తట్టింది. తడితే గట్టిపడుతుంది, చెవిలో సాగిపోదు. దానికి ఇత్తడి అల్లిక తగిలించి, ఆడపడుచు చెవులకు పెట్టి వారం రోజులు తియ్యనివ్వలేదు. చెవులు చల్లగా ఉన్నాయి.

ఆ జత పట్టుకుని షాపుకు వెళ్ళింది. మేడం కొక్కేన్ని చూసి పెదవి విరిచింది. జుట్టు కింద దాక్కునే ముక్కకు వెండి దేనికి, జనం చూసేది కిందిదాన్ని కదా అంది. మళ్ళీ చేతుల శుభ్రం దగ్గరికే వచ్చింది.

వదిన సంచీలోంచి పాత తీగతో చేసిన జత తీసి గాజుబల్ల మీద పెట్టింది.

"శుభ్రంగా కడిగి తెచ్చాను మేడం. మీ దుద్దులు తీసి ఇవి పెట్టుకోండి. వారం తర్వాత నేనే వచ్చి చూస్తాను."

మేడం చెయ్యి చటుక్కున తన బంగారు దుద్దుల మీదికి పోయింది. "అబ్బే, నాకివి పడవమ్మా. ఎప్పుడు పెట్టుకున్నా చెవులు చీముపడతాయి."

అన్నాక నాలుక కరుచుకుంది. లోలాకులు ఎంచుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు.

"మరి నన్నెందుకు చేతులు కడుక్కోమన్నారు?" అంది వదిన, గొంతు పెంచకుండానే.

మేడం క్షమించమని అనలేదు. ఆ మాట కొట్టు యజమానుల నోళ్ళకు అలవాటు ఉండదు. కొక్కేలు వెండివే పెట్టమని, వెండి ఖర్చుకు సరిపడా రకాలు తగ్గించమని గొణిగి, ఆ ఇద్దరి వైపు తిరిగి, మా దగ్గర చర్మానికి పడేవే ఉంటాయండీ అని తేనె పూసిన గొంతుతో మొదలుపెట్టింది. ఆ ఆలోచన పుట్టింటి నుంచి తెచ్చుకున్నట్టే ఉంది ఆవిడ వాలకం.

పని నిలబడింది. తిట్టుకోవడానికి కూడా తీరిక లేదు, అంతకంటే తలనొప్పి పని ఒకటి మిగిలింది. అయస్కాంతాన్ని నమ్మొద్దని వీధిలో గడపగడపకూ వెళ్ళి చెప్పుకోవాలి. మొదటి గుమ్మంలోనే పక్కింటి అక్క నడుం మీద చేతులు వేసుకుంది.

"నిన్నటిదాకా అదే దేవుడన్నావు కదే?"

"అన్నాను. తప్పే. ముందు నీ తీగ బయటికి తియ్యి అక్కా, జర్మన్ సిల్వరో కాదో చూద్దాం" అని వదిన చెప్పులు విడిచి లోపలికి నడిచింది.