పనసచెట్టుకు కట్టిన రుమాలు

నా జీవితంలో ఒకే ఒక్కసారి నేను ముందు నడిచాను. ఆ ఒక్కసారికే ముప్ఫైమందిని ముంచాను. ఎలా ముంచానో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వాల్సినవాళ్ళంతా ఎప్పుడో నవ్వేశారు.

అప్పటికి నా వయసు ముప్ఫై నాలుగు, పొట్ట చుట్టుకొలతా ఇంచుమించు అంతే. గోపాలపట్నంలో కాపురం, అచ్యుతాపురంలో ఉద్యోగం. రోజూ కంపెనీ బస్సులో కూర్చుని వెళ్ళడం, కూర్చుని రావడం. ఒంట్లో నిటారుగా నిలబడేది మీసం ఒక్కటే. మా ఇంటావిడ అన్నగారు అప్పలరాజు పోర్టులో క్రేన్ నడుపుతాడు. ఆయన మీసం నాకంటే రెండు వెంట్రుకలు ఎక్కువని ఆయన నమ్మకం.

సింహాచలం కొండల వెనక ఇరవై కిలోమీటర్ల పరుగు పందెం పెడుతున్నారని ఒకరోజు తెలిసింది. గట్లెక్కి, వాగులు దాటి, కొండ చుట్టి, బయలుదేరిన చోటికే దిగి రావాలి.

"నాను ఎల్తన్నాను బావా. నువ్వు బస్సెక్కి ఆ సివరికాడ నిలబడి సప్పట్లు కొట్టు," అన్నాడు అప్పలరాజు.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "నీకంటే ఒక్క అడుగు వెనక వచ్చానంటే నా మీసం తీయించేస్తాను!"

"మాటంటే మాటేనా?"

"మీసమంటే మీసమే!"

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, బూట్లయినా కొనకముందే కప్పు కోసం బీరువాలో చోటు చేయించాను. మా ఆవిడ మాత్రం సూదీ దారం తీసింది. పెద్ద రుమాలు మీద నీలం దారంతో 'సూరిబాబు' అని కుట్టి జేబులో పెట్టింది. "ఎక్కడైనా పడిపోతే ఎవరో గుర్తుపట్టాల గదా," అంది. రుమాలు గురించే అందనుకున్నాను.

పందెం జూన్ నెలలో, తెల్లారీ తెల్లారకముందే మొదలైంది. దారి తెలియడానికి నిర్వాహకులు చెట్లకు ఎర్ర గుడ్డపేలికలు కట్టారు. అసలైన పరుగువాళ్ళు పదిమంది లేడిపిల్లల్లా మాయమయ్యారు. వాళ్ళ వెనక నేను. నా వెనక ముప్ఫైమంది, అందులో మా బావ. మొదటి గట్టు ఎక్కేసరికి నా ఊపిరి నా చెవులకే ఇంజన్ కూతలా వినబడింది. అయినా బావ వెనకున్నాడన్న సంతోషం నన్ను తోసుకుపోయింది.

ఏడో కిలోమీటరు దగ్గర దారి రెండుగా చీలింది. కుడివైపు దూరంగా ఏదో ఎర్రగా ఉంది. ఎడమవైపు దగ్గర్లోనే పనసచెట్టు, దానికి ఎర్ర పేలిక. దగ్గరున్నది వదిలి దూరంగా ఉన్నదాని వెంట ఎవడు పోతాడు? ఎడమకు తిరిగాను. తిరిగినవాణ్ణి తిన్నగా పోవచ్చు కదా? పోలేదు. 'ఈ పేలిక వెలిసిపోయింది, వెనకవాళ్ళకి కనబడదేమో' అనిపించింది. నాలో ఒక మహానాయకుడు మేలుకున్నాడు. మా ఆవిడ కుట్టిన రుమాలు తీసి, పేరు బాగా కనబడేలా ఆ చెట్టుకు కట్టాను.

అక్కణ్ణించి దారి ఎంత ముచ్చటగా ఉందనుకున్నారు! ప్రతి పాతిక అడుగులకూ పనసచెట్టు, ప్రతి చెట్టుకూ పేలిక. ముందు ఒక్క మనిషి లేడు. ఆ పదిమందీ ఆయాసం తట్టుకోలేక ఏ పొదలోనో పడి ఉంటారనుకున్నాను. పాపం అని కూడా అనుకున్నాను. అంటే, మొదటి స్థానం నాదే!

ఒకచోట కాయల గుట్ట పక్కన ఆకుపచ్చ చీరలో ఒక పెద్దావిడ కూర్చుని కత్తి నూరుకుంటోంది. విజేతలా చెయ్యి ఊపాను. ఆవిడ ఓసారి చూసి మళ్ళీ కత్తి నూరుకుంది. ఇంకో రెండు కిలోమీటర్లు పరుగెత్తాక మళ్ళీ ఒక పెద్దావిడ, ఆకుపచ్చ చీర, కత్తి. ఈ కొండమీద ఆడవాళ్ళకి ఇదే యూనిఫాం కాబోలనుకున్నాను. మళ్ళీ చెయ్యి ఊపాను. మూడోసారి కనబడేసరికి ఆవిడే లేచి దారికి అడ్డం నిలబడింది.

"బాబూ, మూడోపాలి తిరుగుతున్నావు. ఏటి మొక్కుకున్నావు? పిల్లల కోసమా?"

"మొక్కు కాదమ్మా, పందెం."

"సెట్టుతోనా?"

"కాదు, మనుషులతో. ఇదిగో, ఈ ఎర్ర పేలికల వెంట..."

ఆవిడ నోరు నొక్కుకుంది. "ఓలమ్మో! అయ్యి ఈ పైడమ్మ కట్టినవే బాబూ! ఈ యేడు ఈ సెట్లు నాను గుత్తకి తీసుకున్నాను. పక్కోల్ల సెట్లతో కలిసిపోకుండా పాత సీర సింపి గుర్తు కట్టుకున్నాను."

సింహాచలం కొండ చుట్టూ ప్రదక్షిణ చేసినవాళ్ళు లక్షలమంది ఉంటారు. పైడమ్మగారి పనసచెట్ల చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసిన భక్తుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

అక్కడే గడ్డిమీద చతికిలబడ్డాను. పైడమ్మగారు జాలిపడి ఒక పండు కోసి తొనలు చేతిలో పెట్టింది. అప్పుడే మబ్బు విడిపోయింది. తల ఎత్తి చూశాను. పచ్చటి గట్ల మీదుగా, ఊరంతా దాటి, సముద్రం! రేవు బయట ఓడలు అగ్గిపెట్టెల్లా వరసగా ఆగి ఉన్నాయి. దక్షిణంగా ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు పుల్లల్లా కనబడ్డాయి. పుట్టినప్పటినుంచీ ఈ కొండ కిందే బతుకుతూ ఒక్కనాడైనా పైనుంచి చూడలేదు. నోట్లో తొన నమలడం మరిచిపోయాను. మీసం సంగతి సరేసరి.

"బాగుంటాది గదా. నాకైతే రోజూ కొత్తే," అంది పైడమ్మగారు.

ఆ పారవశ్యంలో ఉండగా గుట్ట వెనక అడుగుల చప్పుడు. ఒకరు, ఇద్దరు, పదిమంది, మొత్తం ముప్ఫైమంది, రొప్పుతూ, చెమటలు కక్కుతూ వచ్చారు. అందరికంటే ముందు మా బావ!

"బావా! నువ్వేటి ఇక్కడ?" అన్నాను. భయంతో నాకూ యాస వచ్చేసింది.

"నానేటా? సెట్టుకి మా సెల్లి కుట్టిన రుమాలు సూసినాను. 'మా బావ రుమాలు, దారి ఇదే, రాండి' అని అందరినీ నానే కేకేసినాను! సెట్ల సుట్టూ తిరిగి తిరిగి వచ్చినాం! ఇదేటి, పందెమా, పెళ్ళా?"

ముప్ఫై జతల కళ్ళు నావైపు తిరిగాయి. ఆ చూపులకే ఒక పనసకాయ ముగ్గిపోయేది.

పైడమ్మగారు మా అందరినీ ఓసారి లెక్కపెట్టినట్టు చూసింది. "దారి నాను సూపిత్తాను. కిందన కాయలేసుకెల్లే ఏను డ్రైవరు కాసుకునున్నాడు, కాయలు నానొక్కత్తినే దించాలంటే మద్దేనం అయిపోతాది. మీరు వట్టి సేతుల్తో దిగడం ఎందుకు బాబూ? తలో కాయా అందుకోండి."

దారి ఆవిడకే తెలుసు, తలో కాయా ఎత్తుకున్నాం. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళ గురించి విన్నారు. మేం కొండెక్కి పనసకాయలు దించాం. "రుమాలు కట్టిన బాబెవరు?" అని అడిగి, అన్నిటికంటే పెద్దకాయ నా నెత్తిన పెట్టించింది ఆవిడ.

ఇక ఆవిడ దిగడం చూడాలి! కాళ్ళకు చెప్పులు లేవు. తలమీద కాయ, దానికి చెయ్యి కూడా ఆన్చలేదు. రాయి మీంచి రాయి మీదికి, తడిసిన జారుడు బండ మీద కూడా, ఇంట్లో మెట్లు దిగినంత తేలిగ్గా దిగింది. వెనక మేం, రంగురంగుల బూట్లవాళ్ళం, పిరుదుల మీద జారుతూ, ఒకళ్ళనొకళ్ళం పట్టుకుంటూ వచ్చాం. "బేగి రాండి బాబూ, ఏనెల్లిపోతాది!" అని ఆవిడ కింద మలుపులోంచి కేకేస్తుంటే మాకు నిజంగా సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా, దణ్ణం పెట్టాలనిపించింది. చేతులు ఖాళీగా లేక పెట్టలేదు.

గమ్యం దగ్గర షామియానా విప్పేస్తున్నారు. పైడమ్మగారు ఆ గీత దాటి, అటూ ఇటూ చూడకుండా తిన్నగా వ్యాన్ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆవిడ వెనక చిన్నకాయ మోసిన మా బావ. ఆయనకు సరిగ్గా ఒక్క అడుగు వెనక, గున్న ఏనుగంత కాయతో నేను!

ఆ సాయంత్రమే మంగలి అంగట్లో నా మీసం నేలపాలైంది. బావ దగ్గరుండి తీయించాడు. ఇంటికొస్తే మా ఆవిడ తలుపు సగం తీసి, "ఆయన ఇంట్లో లేరండి," అంది.

తర్వాతి ఆదివారం గోపాలపట్నం సంతకు వెళ్ళాను. పనసకాయల వెనక పైడమ్మగారు! నన్ను చూసి గుర్తుపట్టలేదు. తొనలు కడుతూ తనే కథ ఎత్తుకుంది.

"మొన్న మా కొండకి ఒక మీసాల బాబు వచ్చినాడు. ఎంత ఎర్రోడనుకున్నావు! నా సెట్ల సుట్టూ మూడుపాల్లు తిరిగి, ఇంకా ముప్పైమందిని తెచ్చినాడు."

"అలాంటివాళ్ళు కూడా ఉంటారా అమ్మా?" అన్నాను.

"ఉన్నాడు గదా! నా కాయలన్నీ ఒక్క దింపులో దిగిపోయినాయి. ఆ రుమాలు అలాగే సెట్టుకి ఉంచినాను, వచ్చే యేడు కూడా దారి తప్పుతాడని." ఆవిడ నా ముఖంలోకి పరీక్షగా చూసింది. "నువ్వు ఆ బాబుకి తమ్ముడివా ఏటి?"

"దూరపు చుట్టం," అన్నాను.

మీసం మళ్ళీ మొలిచింది. దానిమీద చెయ్యేసి, ఆ కొండ సాక్షిగా ఒట్టు వేస్తున్నాను: ఈ జన్మలో వెనకొచ్చేవాళ్ళకి దారి చూపించను. ఏటేటా జూన్‌లో పైడమ్మగారి కాయ ఒకటి మోసిపెడతాను, అంతే. అదైనా మీసం తీయించుకుని వెళ్తాను.