అంగారకుడి మీద మాత్రమే గాలి

మా ఊరు సముద్రానికి దగ్గర. గాలి అంటే భయపడేవాళ్లమే గాని, గాలి కావాలని ఎవరమూ దేవుణ్ణి అడిగి ఎరగం. ఆ మంగళవారం మా చర్చి స్త్రీల సమాజం ప్రార్థనకి మా ఇంట్లో కూడినప్పుడు నేనే అడిగించాను.

బడిలో సైన్సు చెబుతాను. అంగారకుడి మీద తిరిగే రోవర్ అంటే నాకు ప్రాణం. ఎండతో నడిచే బండి అది. పొద్దెక్కాక లేస్తుంది, నాలుగడుగులు కదులుతుంది, రాతిని గీకి చూస్తుంది, ఫొటోలు పంపి పడుకుంటుంది. ఇప్పుడు దాని సోలార్ పలకల మీద దుమ్ము పేరుకుంది. గాలి వచ్చి ఊడ్చకపోతే ఇక లేవదని వార్త. దేవుడు చేసిన మరో లోకాన్ని మనకు చూపిస్తున్న బండి కదా అని, ప్రార్థన మనవుల్లో దాన్నీ చేర్చాను.

పాస్టరమ్మగారు వెనకాడలేదు. "గాలిని గద్దించినవాడు పంపలేడా?" అని కళ్లు మూసుకుని, "తండ్రీ, బలమైన గాలి పంపు" అని గొంతెత్తారు. మేమంతా "పంపు తండ్రీ" అన్నాం.

మాకు రోజూ చేపలు అమ్మే ఆవిడ వరండాలో బుట్ట దించుకుని కూర్చుని ఉంది. గబుక్కున లోపలికొచ్చింది.

"ఏంటమ్మగారూ, గాలి రమ్మంటున్నారు? మా ఆయన పొద్దున్నే సముద్రం మీదికి వేటకెళ్లాడండి."

అందరం కళ్లు తెరిచాం. గాలి ఎక్కడ వీయాలో ఎవరమూ చెప్పనేలేదు.

"ఇంకా ఆమేన్ అనలేదు లే," అన్నారు పాస్టరమ్మగారు. మళ్లీ కళ్లు మూసుకున్నారు. "తండ్రీ, ఆ గాలి అంగారకుడి మీద మాత్రమే. మా తీరంలో ఆకు కూడా కదలకూడదు."

"మరీ అంతొద్దండి, ఉడికిపోతాడు. కాస్త చల్లగాలి ఉంచండి."

"చేపల బేరం అనుకున్నావేంటి?"

"అడిగేది మీరే కదండీ. సరిగ్గా అడగండి మరి."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. పక్కావిడ భుజాలు ఊగిపోతున్నాయి. చివరికి చల్లగాలి కూడా కలిపి అడిగారు. ఆమేన్ మాత్రం అందరికంటే గట్టిగా చేపలావిడే అంది.

సాయంత్రానికి పడవ క్షేమంగా ఒడ్డుకొచ్చింది. వారం తిరక్కుండానే వార్త: అక్కడ గాలి వీచింది, పలకల మీద దుమ్ము ఎగిరిపోయింది, రోవర్ లేచి ఫొటో పంపింది. ఫోను పట్టుకుని చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తాను. చేపలావిడ ఎదురైతే చూపించాను. ఎర్రటి ఇసుక, దాని మీద చక్రాల జాడ.

"ఇదేనా మీ బండి?" అని తేరిపార చూసింది. "ఆ రోజు మా ఆయన ఎండకి మాడిపోయి వచ్చాడండి. ఉన్న గాలంతా దీనికే పంపించేసినట్టున్నారు."

స్తోత్రం చెబుదామని నోరు తెరిస్తే నాకు నవ్వే వచ్చింది.