నాలుగో వరుసకు మంచినీళ్లు

"అనుమానం కాదు సార్! ఇంత ఉప్పు నీళ్లకి మూడు వరుసలు మాడిపోతే, నాలుగోది ఒక్కటే ఎట్లా నవనవలాడుతుంది?"

"ఆ వరుసలో రకం వేరు కదమ్మా ధాత్రీ! రెండేళ్లు ఎదురుచూసింది దాని కోసమేగా. తీరా బతికితే ఏడుస్తావేంటి?"

ఉమ్ సలాల్ అనే ఎడారి ఊళ్లో, తోటలోని గ్రీన్‌హౌస్‌లో సైంటిస్టు ధాత్రి, ఆమె పై ఆఫీసరు రామకృష్ణారావు గొంతులు పెంచుకుంటున్నారు. బయట పైపు చుడుతున్న లింబాద్రి చేతులు ఆగిపోయాయి.

లింబాద్రిది నిర్మల్ దగ్గర పల్లె. వరల్డ్ కప్ స్టేడియం రోడ్డు పనికని ఈ అరబ్బు దేశం వచ్చాడు. వ్యవసాయం తెలుసనేసరికి కంపెనీ ఈ తోటకు పంపింది. ఇక్కడ ల్యాబులో జన్యువు మార్చిన టమాటా రకాలకు బోరులోని ఉప్పు నీళ్లు పెట్టి, ఏది తట్టుకుంటుందో చూస్తారు. చావాల్సిన మొక్కను చావనివ్వాలి. అదే అతని వల్ల కాలేదు. ఒక మధ్యాహ్నం నాలుగో వరుస తలలు వేలాడేసింది. ఇరవై ఏళ్లు పత్తి పండించిన మనిషి ఊరుకోలేక, తాగడానికిచ్చిన మంచినీళ్ల క్యాను తెచ్చి మొదళ్లలో పోశాడు. ఒక్కరోజే అనుకున్నాడు. నెల రోజులు పోశాడు. మొక్కలు లేచి నిలబడ్డాయి. "నీ చెయ్యి మంచిదయ్యా" అని రావు అందరి ముందూ భుజం తడితే నవ్వాడు కూడా.

ఆ నవ్వు గుర్తొచ్చి ఇప్పుడు చెవులు కాలిపోయాయి.

"ఈ వారమే రిపోర్టు పంపేస్తాను," అంటున్నాడు రావు. "సముద్రపు ఒడ్డున చవుడు తేలిన పొలాలున్నాయి. అక్కడి రైతులు ఈ రకాన్నే వేసుకుంటారు."

లింబాద్రి కూడా ఒక ఏడాది అమ్మేవాడి మాటలు నమ్మి బిల్లు లేని నకిలీ పత్తి విత్తనం వేశాడు. చేను మొలవలేదు. అమ్మినవాడిని నడిబజారులో కాలర్ పట్టుకుని, "రైతు నోట్లె మన్ను కొట్టినవ్ గదరా" అని అరిచాడు. ఇప్పుడు ఆ కాలర్ తనదే.

షెడ్డులో కొలతలు రాసే సురేందర్ దగ్గరికి నడిచాడు. డిగ్రీ మధ్యలో వదిలేసి వచ్చిన కుర్రవాడు, మాట కటువు.

"తమ్మీ, నాలుగో వరుసల నేను మంచినీళ్లు పోసిన."

"ఏందీ! ఎప్పుడు?"

"నెల సంది. మొక్క తల ఏలాడేస్తే సూడలేకపోయిన."

"మతి పోయిందా అన్నా? రెండేండ్ల పని బుగ్గి చేసినవ్. చెప్తే రేపే ఇంటికి పంపుతరు. నోరు మూసుకో."

"మూసుకునే గద ఇంతదాకొచ్చింది."

సురేందర్ పెన్ను కింద పెట్టాడు. లింబాద్రి తల ఎత్తలేదు.

"నువ్వు ఇంగ్లీషుల రాయి తమ్మీ. నీళ్లు పోసింది లింబాద్రి అని పేరు పెట్టి రాయి. మేడం ముందట నాకు నోరు రాదు, నువ్వే చదివి వినిపియ్యి. నేను నీ ఎనుక నిలవడుత."