నేను జరిపిన రాయి

దయ్యాలు, మహిమలు అంటే నాకు నవ్వొచ్చేది. కోరుట్లలో ఉంటూ బోరు పాయింట్లు చూడటం నా పని. భూమిలోకి కరెంటు పంపి, ఎక్కడ తడి ఉందో, ఎక్కడ బండ ఉందో గ్రాఫు గీసే మిషన్ నాది. ఏదున్నా మీటరులో కనపడాల్సిందే అనుకునేవాణ్ణి.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. చందుర్తి దగ్గర ఎల్లవ్వ అనే రైతు పిలిచింది. అంతకుముందు వేసిన మూడు బోర్లలోనూ దుమ్మే లేచింది. ఇదీ పోతే చెలక అమ్ముకుని కూలికి పోవడమే. పొద్దంతా వైర్లు పరిచి వెతికాను. తడి దొరకలేదు.

మరునాడు ఆమె పోచయ్యను పిలిపించింది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తాడు, కాయ లేచి నిలబడిన చోట నీళ్లంటాడు. నాకేమో ఎండలో చెంబెడు నీళ్లు, ఆయనకు మంచం, చాయ్. ఒళ్లు మండిపోయింది. కాయ లేచిన చోట పసుపు రాసిన రాయి పెట్టి వెళ్లాడు. అలాంటి రాయిని మా దగ్గర ఎవరూ ముట్టరు.

బంద్ వల్ల బోరుబండి సిరిసిల్లలో ఆగిపోయింది. మధ్యాహ్నం ఊరంతా రోడ్డు మీద వంటావార్పు నిరసనకు పోయింది. నేను రాయి దగ్గర వైర్లు పరిచాను. గ్రాఫులో నీళ్లు! నేను చూడకుండా వదిలేసిన మూల అది.

అసూయతో కళ్లు మూసుకుపోయాయి. రాయిని పన్నెండు అంగలు జరిపి, మీటరు గట్టి బండ అని చూపిన చోట పెట్టాను. ఎల్లవ్వ గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. అయినా పెట్టాను.

మూడో రోజు బండి వచ్చింది, పోచయ్యా వచ్చాడు. దున్నిన చెలకలో పన్నెండు అంగల తేడా ఎవరికీ తెలియలేదు. రాయి ఉన్నచోటే బోరు దించారు. కాసేపు దుమ్ము లేచింది. తర్వాత నీళ్లు ఎగజిమ్మాయి.

"నన్ను బతికిచ్చినవ్ బాపూ" అంటూ ఎల్లవ్వ పోచయ్య కాళ్ల మీద పడింది.

ఆయన నన్ను పక్కకు పిలిచాడు. మొహంలో కోపం లేదు.

"రాయి ముట్టింది నువ్వేనని నాకెరుకే సారూ. నీళ్లు గూడ నీ ఎనుకనే నడిచొచ్చినయ్."

ఆ సాయంత్రమే మళ్లీ వైర్లు పరిచాను. రాయి మొదట ఉన్నచోట ఇప్పుడు గట్టి బండ.

రెండు గ్రాఫులూ నా బీరువాలో ఉన్నాయి. చూసినవాళ్లు మీటరు తప్పన్నారు. అదే మీటరుతో ఆ తర్వాత ఎన్నో బోర్లు చూశాను, ఎక్కడా అలా జరగలేదు. ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఊళ్లో దాన్ని పోచయ్య బోరు అంటారు. ఆ దారిన పోయినప్పుడల్లా కడుపు మండుతుంది. ఆ చోటు పెట్టింది నేనేనని నోటిదాకా వస్తుంది. చెబితే, ఎందుకు పెట్టానో కూడా ఎల్లవ్వకు చెప్పాలి.