కంకిపాడు దాటాక వేసే ఆకలి

మల్లీశ్వరి విజయవాడ–ఉయ్యూరు పల్లెవెలుగు బస్సులో కండక్టరు. ఒళ్లు బరువెక్కి, షుగరు తొంగిచూడగానే డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. "నూనె, నెయ్యి తగ్గించండి. లేదంటే అన్నం తగ్గించండి. ఏది మీ ఆకలిని ఆపితే అదే చివరిదాకా చెయ్యగలుగుతారండీ."

అన్నం మీద ప్రేమ కొద్దీ ఆమె నూనె మానేసింది. చప్పటి సొరకాయ కూర, నీళ్ల మజ్జిగ, కంచం నిండా అన్నం. బయల్దేరినప్పుడు కడుపు నిండుగానే ఉండేది. కంకిపాడు దాటేసరికి లోపల ఏదో కరిగిపోయినట్టయ్యేది. కిటికీలో పొలాలు మెల్లగా ఊగుతూ వచ్చేవి. ఆ పచ్చదనమంతా ఎవరో విస్తరి పరిచినట్టూ, గట్ల మీది మంచు అన్నం మీద లేచే ఆవిరైనట్టూ తోచేది. ఒకసారి ఆ ధ్యాసలోనే, ఉయ్యూరు అడిగిన పెద్దాయనకి విజయవాడ టికెట్టు కొట్టేసింది.

"ఏమ్మా, నన్ను వెనక్కి పంపించేత్తావా ఏంటి?" అన్నాడాయన. బస్సంతా నవ్వింది.

డ్రైవరు ఎలీషా కూడా కొలెస్ట్రాల్ వల్ల నూనె మానేశాడు. గిన్నెడు తోటకూర పప్పు తిని సాయంత్రం దాకా కులాసాగా ఉండేవాడు.

"నీకు ఆకలెయ్యదా అన్నయ్యా?"

"లేదమ్మా, నాకిది పడింది. నీకు పడలేదు కదా, రెండోది చూడరాదూ?"

మర్నాటి నుంచి అన్నం మానేసింది. గుడ్లు, చేప ముక్కలు, బెండకాయ వేపుడు, గడ్డపెరుగు. మొదటి వారం తలనొప్పి, చిరాకు. మధ్యాహ్నం కునుకులో ఒకటే కల: మోకాలి లోతు వెచ్చటి అన్నంలో నడుస్తూ ఉండేది. అన్నాన్ని తొక్కుతున్నానని భయపడి లేచేది.

తర్వాతొకరోజు ఉయ్యూరులో దిగాక గాని తెలియలేదు, దారిలో ఆకలే వెయ్యలేదని.

కోతలయ్యాక తమ్ముడు ఏడుకొండలు ఇంట్లో కొత్త బియ్యం వండారు. తృప్తిగా తింది. సాయంత్రానికి పాత ఆకలి మళ్లీ వచ్చింది. దిగులుపడలేదు. మర్నాడు మళ్లీ గుడ్లు ఉడకేసుకుంది. కొన్నాళ్లకు షుగరూ దిగింది.

ఒక ఉదయం చెరుకు ట్రాక్టర్ల వెనక బస్సు ఆగిపోయింది. గాలిలో తియ్యటి వాసన.

"అన్నం మీద బెంగ తీరిందా చెల్లెమ్మా?" అడిగాడు ఎలీషా.

"తీరలేదన్నయ్యా. అప్పుడప్పుడూ కల్లోకొస్తది. రానీ," అంది. పొగమంచులో కొంగలు లేస్తున్నాయి. బస్సు కదిలేదాకా వాటినే చూస్తూ నిలబడింది.